సీతాకోకచిలుక ఆ ఆకు మీదే గుడ్డు ఎందుకు పెడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నిమ్మచెట్టు చుట్టూ తిరిగే సీతాకోకచిలుక ఆకుల మీద క్షణంపాటు వాలి లేచిపోతుంటుంది. ఏం చేస్తోంది?

అలా తిరిగేది చాలావరకు గుడ్లతో ఉన్న ఆడదే. పిల్లలకు పనికొచ్చే ఆకు కోసం వెతుకుతోంది. దూరం నుంచి ఆకుపచ్చ రంగు, ఆకు ఆకారం, చెట్టు వాసన దానికి దారి చూపుతాయి. కానీ గుడ్డు పెట్టడానికి అవి చాలవు. వాలిన వెంటనే ముందుకాళ్లతో ఆకును టపటపా తడుతుంది. ఆ కాళ్ల చివరి భాగంలో సన్నటి రోమాలుంటాయి. ఒక్కో రోమం కొనలో ఒక చిన్న రంధ్రం, దాని లోపల రుచి తెలిసే నాడీకణాలు ఉంటాయి. ఆకు ఉపరితలం మీది రసాయనాలు ఆ రంధ్రం గుండా తగిలితే రుచి తెలుస్తుంది. నచ్చితే పొట్ట చివరను ముందుకు వంచి ఒక గుడ్డు అంటించి పోతుంది, లేకపోతే ఊరికే లేచిపోతుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది కాబట్టి మనకు ఊరికే వాలినట్టు కనిపిస్తుంది.

జిల్లేడు మీద గుడ్లు పెట్టే ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకను గమనించినవాళ్లకు ఒక అనుమానం వస్తుంది: దానికి నాలుగు కాళ్లే కదా? కాదు, ఆరు ఉంటాయి. ముందు జత బాగా కురచబారి రొమ్ముకు అంటుకుని ఉంటుంది, నడవడానికి పనికిరాదు. ఆడదానిలో ఆ కురచ కాళ్లు ఆకు రుచి చూడటానికి మాత్రం పనికొస్తాయి.

ఆకులో అది వెతికే రసాయనం ఏమిటి?

అన్ని సీతాకోకచిలుకలకూ ఒకటే రసాయనం అని లేదు. ఒక జాతికి కూడా చాలాసార్లు ఒక్క రసాయనం చాలదు. ఈ విషయంలో జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

బాగా పరిశోధించిన ఉదాహరణ జపాన్‌లోని పాపిలియో జూథస్. మన నిమ్మ సీతాకోకచిలుకకు దగ్గరి బంధువు. జపాన్‌లో పండే సత్సుమా నారింజ ఆకుల సారం నుంచి దీన్ని గుడ్డు పెట్టించే పదార్థాలను అక్కడి శాస్త్రజ్ఞులు 1980లలో విడదీశారు. అందులో వైసెనిన్-2, రుటిన్, హెస్పెరిడిన్, నారిరుటిన్ అనే ఫ్లేవనాయిడ్లు (చాలా మొక్కల్లో మామూలుగా ఉండే ఒక రసాయన వర్గం) ఉన్నాయి. వీటితోపాటు అడినోసిన్, స్టాకిడ్రిన్, కైరో-ఇనోసిటాల్, సినెఫ్రిన్, బుఫోటెనిన్ కూడా దొరికాయి. ఒక్కొక్కదాన్ని విడిగా కాగితానికి పూసి కాళ్లకు తాకిస్తే ఆడది దాదాపు పట్టించుకోదు. కలిపి పూస్తే మాత్రం పొట్ట వంచుతుంది. 2011లో ఇదే జాతి ముందుకాళ్లలో సినెఫ్రిన్‌ను గుర్తించే గ్రాహకం ఒకటి దొరికింది. ఆ జన్యువు పని తగ్గించినప్పుడు సినెఫ్రిన్‌కు ఆడదాని స్పందన కూడా తగ్గింది.

ఉత్తర అమెరికాలో క్యారెట్ కుటుంబపు మొక్కల మీద పెరిగే పాపిలియో పాలిక్సెనీస్‌ది ఇలాంటి కథే. 1988లో దానికి రెండు పదార్థాలు తేలాయి: లూటియోలిన్ అనే ఫ్లేవనాయిడ్ రూపం ఒకటి, క్లోరోజెనిక్ ఆమ్లం ఒకటి. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. క్లోరోజెనిక్ ఆమ్లం కాఫీ గింజ నుంచి వంకాయ దాకా లెక్కలేనన్ని మొక్కల్లో ఉంటుంది. అది ఒక్కటే చాలేట్టయితే ఈ సీతాకోకచిలుక కనబడిన ప్రతి మొక్క మీదా గుడ్లు పెట్టి ఉండేది.

మన కరివేపాకు మీద కనిపించే కామన్ మోర్మన్, అంటే పాపిలియో పాలిటీస్, మీద కూడా జపాన్‌లో పని జరిగింది. కొండకాసింద తీగ ఆకుల్లో దాన్ని రేకెత్తించేవి ట్రాన్స్-4-హైడ్రాక్సీ-ఎన్-మిథైల్ ప్రోలిన్ అనే అమైనో ఆమ్ల రూపం, 2-సి-మిథైల్ ఎరిత్రోనిక్ ఆమ్లం. ఇక్కడా జోడీయే.

అంటే మొక్కలోని విషమే దానికి గుర్తా?

కొన్నింటికి అవును. క్యాబేజీ సీతాకోకచిలుకలు (పియరిస్ జాతులు) ఆవ కుటుంబపు ఘాటైన రక్షణ పదార్థాలైన గ్లూకోసినోలేట్లనే గుర్తుగా పెట్టుకున్నాయి. అందులోనూ గ్లూకోబ్రాసిసిన్ అనే ఇండోల్ రకం గట్టిగా పనిచేస్తుంది. ఆవగింజలో ఎక్కువగా ఉండే సినిగ్రిన్ దానికంటే బలహీనం. తూర్పు ఆసియాలో ఈశ్వరి మొక్క బంధువుల మీద బతికే అట్రోఫనూరా ఆల్సినస్ అనే సీతాకోకచిలుక అరిస్టోలోకిక్ ఆమ్లాలను గుర్తుపడుతుంది. అయితే వాటితోపాటు సీక్వోయిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ కూడా ఉండాలి. దాని గొంగళిపురుగులు అదే విషాన్ని ఒంట్లో దాచుకుని పక్షుల నుంచి తప్పించుకుంటాయి.

అన్నీ ఇలా చేయవు. మోనార్క్ సీతాకోకచిలుకను చూస్తే బాగా తెలుస్తుంది. దాని పిల్లలు జిల్లేడు కుటుంబపు మిల్క్‌వీడ్ మొక్కల్లోని గుండెకు హానిచేసే కార్డినోలైడ్లను దాచుకుంటాయి. కానీ ఆడదాని చేత గుడ్డు పెట్టించేవి క్వెర్సెటిన్ గ్లైకోసైడ్లు (చక్కెర అతుక్కున్న రూపాలు), విషంతో సంబంధం లేని మామూలు ఫ్లేవనాయిడ్లు. అందువల్ల మొక్కలో విషం ఎక్కువుంటే సీతాకోకచిలుకలు ఎక్కువ వస్తాయని అనుకోకండి.

ఇంట్లో నిమ్మనూనె, నారింజ సెంటు ఉన్నాయి. కుండీలోని ఏదో ఒక మొక్కకు పూస్తే వచ్చి గుడ్లు పెడతాయా?

పెట్టవు. నూనెలో ఉండేది గాలిలో ఎగిరే వాసన పదార్థాలు, ముఖ్యంగా లిమోనీన్. అవి దగ్గరికి రప్పించడంలో కొంత సాయపడతాయి. కాలికి రుచి తగిలే ఫ్లేవనాయిడ్ గ్లైకోసైడ్లు, అమైనో ఆమ్ల రూపాలు నీటిలో, ఆల్కహాల్‌లో కరుగుతాయి, ఆవిరి కావు. నూనె తీసే పద్ధతిలో అవి చెత్తలోనే మిగిలిపోతాయి. పైగా నూనె పూత ఆకును కప్పేస్తుంది కాబట్టి కాళ్లకు అసలు రుచి తగలదు. మందు షాపులో హెస్పెరిడిన్ పొడి కొని చల్లినా లాభం లేదు. మిగతా జోడీలు ఉండవు, పైగా పిల్లలు తినలేని ఆకు మీద గుడ్డు పెట్టిస్తే దాన్ని చంపినట్టే.

నిమ్మ కుటుంబపు మొక్కే, అయినా దాని మీద వాలి లేచిపోతోంది. ఎందుకు?

"వద్దు" అనిపించే రసాయనం ఉండి ఉంటుంది. ఆడది ఒక ఆకు మీద "సరే" గుర్తులనూ "వద్దు" గుర్తులనూ కలిపి తూచుతుంది. జపాన్‌లో ఒరిక్సా జపానికా అనే పొద ఉంది. అది నిమ్మ కుటుంబానికే చెందినా పాపిలియో జూథస్ దాన్ని వదిలేస్తుంది. దానిలో ఒక హైడ్రాక్సీబెంజోయిక్ ఆమ్ల రూపం నిరోధకంగా పనిచేస్తుంది. అలాగే అముర్ కార్క్ చెట్టులోని ఫెల్లామురిన్ అనే ఫ్లేవనాయిడ్ పాపిలియో ప్రోటినార్ అనే ఇంకో సీతాకోకచిలుకను వెనక్కి పంపుతుంది. ఆవ కుటుంబపు ఎరిసిమమ్ మొక్కల్లో గ్లూకోసినోలేట్లు ఉన్నా, వాటితోపాటున్న కార్డినోలైడ్ల వల్ల క్యాబేజీ తెల్ల సీతాకోకచిలుక గుడ్డు పెట్టదు.

కరివేపాకు, నిమ్మ రెండూ పెట్టాను. సీతాకోకచిలుకలు వస్తున్నాయి, గుడ్లు మాత్రం లేవు. ఏం చూడాలి?

ముందు చిగురు ఉందో లేదో చూడండి. నిమ్మ సీతాకోకచిలుకకూ కామన్ మోర్మన్‌కూ కావలసింది లేత ఆకు. ముదురు ఆకును అప్పుడే పొదిగిన పిల్ల కొరకలేదు. కొమ్మ చివరలు కత్తిరించి, నీళ్లు పెట్టి, కాస్త పశువుల ఎరువు వేస్తే వారాల్లో కొత్త చిగురు వస్తుంది. గుడ్లు వెతకాల్సింది ఆ చిగురు మీదే. ముదురు ఆకు కింద వెతికి లేవనుకునేవాళ్లే ఎక్కువ. గుడ్డు గుండ్రంగా, లేత పసుపుగా, ఆవగింజకంటే చిన్నగా ఉంటుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో పొదుగుతుంది.

తరువాత ఎండ. నీడలో ఉన్న బాల్కనీ మూలకు ఇవి రావు. ఉదయం పది నుంచి మధ్యాహ్నం దాకా నేరుగా ఎండ తగిలే చోట కుండీ పెట్టండి. దగ్గర్లో మకరందం కూడా ఉండాలి: నూరువరహాలు, పెంటాస్, బిళ్ళగన్నేరు వంటివి. ఆకలితో తిరిగే ఆడది గుడ్ల జోలికి పోదు.

ఆకు మీద ఏం చల్లారో గుర్తు తెచ్చుకోండి. సబ్బు నీళ్లు, వేపనూనె, పేనుకు చల్లిన మందులు ఆకు మీద పొరగా మిగులుతాయి. కాలి రోమానికి, ఆకు రుచికి మధ్య ఆ పొర అడ్డు పడుతుంది. మంచినీళ్లతో కడగండి, కొత్త చిగురు వచ్చేదాకా ఆగండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలో ఇంకో ప్రమాదం ఉంది. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటి పురుగుమందులు వేరు ద్వారా ఆకుకు ఎక్కుతాయి. ఆకు రుచి బాగానే ఉండి గుడ్లు పెడతాయి, పిల్లలు మాత్రం ఒకటి రెండు రోజులకు కదలకుండా పడి చనిపోతాయి. అలా కనబడితే ఆ మొక్కకు కనీసం రెండు విడతల చిగుళ్లు వచ్చి పోయేదాకా గుడ్లను వేరే మొక్క మీదికి మార్చండి.

ఒక్కోసారి గుడ్లు పెట్టినా కనబడకుండా పోతాయి. చీమలు ఎత్తుకుపోవడం మామూలే. గుడ్డు నల్లబడి అలాగే ఉండిపోయి, తర్వాత ఒక చిన్న రంధ్రం కనిపిస్తే ట్రైకోగ్రమ్మా అనే సూక్ష్మ కందిరీగ అందులో తన గుడ్డు పెట్టిందన్నమాట. పొదగబోయే గుడ్డు కూడా రంగు మారుతుంది కానీ ఒక్క రోజులో తెరుచుకుంటుంది.

కాలేజీ ప్రాజెక్టుగా ఈ రుచిని పరీక్షించాలి. పెద్ద ప్రయోగశాల లేకుండా ఎలా?

చేయవచ్చు, నిమ్మ సీతాకోకచిలుక అందుకు అనువైనది. కొన్ని సీతాకోకచిలుకలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కాబట్టి గుర్తుపట్టలేని వాటిని పట్టవద్దు. గొంగళిపురుగుల్ని ఇంట్లో పెంచితే వయసు తెలిసిన ఆడవి దొరుకుతాయి.

పెద్ద దోమతెర గదిలో ఆడ, మగ కలిపి వదలండి. 10 శాతం తేనెనీళ్లు దూదిలో ముంచి పెట్టండి. జత కట్టిన ఆడదాన్ని, అది ప్యూపా గూటి నుంచి బయటికొచ్చిన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య వాడండి. జత కట్టనిది, నిన్ననే రెక్కలు విప్పినది సరిగా స్పందించవు.

సారం తీయడం ఇలా. 20 గ్రాముల లేత నిమ్మాకులు కడిగి, ముక్కలు చేసి, 200 మిల్లీలీటర్ల నీటిలో 80 నుంచి 90 డిగ్రీల వేడి దగ్గర పది నిమిషాలు ఉంచండి. తెల్ల గుడ్డలో వడకట్టి, సన్న సెగ మీద 20 మిల్లీలీటర్లకు తగ్గించండి. ఇప్పుడు ఒక మిల్లీలీటరు ఒక గ్రాము ఆకుతో సమానం. పరిశోధకులు మిథనాల్ వాడతారు, కానీ దాని ఆవిరి విషం, బాగా మండుతుంది. ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేనిచోట నీళ్లే మేలు. క్యాబేజీ, ఆవాల ఆకులతో చేస్తే మాత్రం ముక్కలు చేయకండి. ఆకు నలిగిన మరుక్షణం మైరోసినేజ్ అనే ఎంజైము గ్లూకోసినోలేట్లను విరగ్గొట్టేస్తుంది, మీరు పరీక్షించాలనుకున్నది మిగలదు. నిండు ఆకును మరుగుతున్న నీటిలో పడేస్తే ఎంజైము చచ్చిపోతుంది.

3×5 సెంటీమీటర్ల ఆకుపచ్చ కాగితాలు కత్తిరించండి. సగం వాటిమీద ఒక మిల్లీలీటరు సారం, సగం వాటిమీద అంతే మంచినీళ్లు వేయండి. ఏది ఏదో వెనకవైపు రాసిపెట్టండి, లెక్క రాసేవాళ్లకు తెలియకూడదు. కాగితం తేమగా ఉండగానే, ఆడదాని రెక్కలు మూసి వేళ్లతో మెల్లగా పట్టుకుని ముందుకాళ్లు కాగితానికి తాకించండి. 15 సెకన్లలో పొట్ట ముందుకు వంచితే "అవును", లేకపోతే "కాదు". ఒక్కో ఆడదానితో రెండు రకాల కాగితాలకూ ఐదేసి సార్లు, వరుస కలగాపులగంగా చేయండి. తాకింపుకూ తాకింపుకూ మధ్య ఒకటి రెండు నిమిషాల విశ్రాంతి ఇవ్వండి.

చేశాం. నీళ్ల కాగితం మీద కూడా పొట్ట వంచుతోంది. ఏం తప్పు జరిగింది?

కారణాలు సాధారణంగా రెండు. మొదటిది మరక: నిమ్మాకు పట్టుకున్న చేత్తోనే నీళ్ల కాగితం పట్టుకున్నారు. చేతి తొడుగులు మార్చండి. రెండోది గుడ్లు నిండిపోయి ఉండటం. రెండు మూడు రోజులు ఆకు దొరకని ఆడది దేనికైనా వంచుతుంది. ముందురోజు కాసేపు నిమ్మకొమ్మ ఇచ్చి కొన్ని గుడ్లు పెట్టనివ్వండి. క్యాబేజీ తెల్ల సీతాకోకచిలుకతో చేస్తే నేర్చుకోవడం గురించి కూడా జాగ్రత్త పడాలి. సినిగ్రిన్ పూసిన కాగితపు రంగును అది జ్ఞాపకం పెట్టుకుని, తర్వాత అదే రంగు కాగితానికి మొగ్గుతుందని 1980లలోనే చూపారు. అందుకే అన్ని కాగితాలూ ఒకే రంగులో ఉండాలి.

దేనికీ స్పందించకపోతే మబ్బు పట్టిందేమో, చల్లగా ఉందేమో, తిండి పెట్టారో లేదో చూడండి. సారం మాడిందేమో కూడా చూడండి. అడుగంటి నల్లబడితే పారేయాలి. ఆడవాటి సంఖ్య తగ్గకూడదు: రెండు సీతాకోకచిలుకలతో వచ్చిన లెక్క రెండు సీతాకోకచిలుకల లెక్క మాత్రమే.

తల్లి ఎప్పుడూ సరైన మొక్కనే ఎంచుకుంటుందా?

లేదు. బయటి దేశం నుంచి కొత్త మొక్క వచ్చినచోట ఇది ప్రాణాంతకమవుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే పెద్ద సీతాకోకచిలుక స్థానిక తీగ మీద పెరుగుతుంది. తోటల్లో అందం కోసం నాటిన దక్షిణ అమెరికా డచ్‌మన్స్ పైప్ తీగకు అదే తరహా రసాయన గుర్తులుండటంతో తల్లి దాని మీద గుడ్లు పెడుతుంది, పిల్లలు ఆ ఆకు తిని చచ్చిపోతాయి. అక్కడి జనం ఆ తీగను పీకేసి స్థానిక తీగ నాటుతున్నారు. ఉత్తర అమెరికాలో యూరప్ నుంచి వచ్చిన గార్లిక్ మస్టర్డ్ కలుపు మీద అక్కడి తెల్ల సీతాకోకచిలుక పియరిస్ వర్జీనియెన్సిస్ ఇలాగే గుడ్లు పెట్టి పిల్లలను పోగొట్టుకుంటోంది. మన తోటల్లో పరాయి అలంకార తీగ నాటే ముందు దాని కుటుంబం ఏమిటో తెలుసుకోండి. ఈశ్వరి, గాడిదగడపాకు దొరికే చోట అవే నాటడం మంచిది.

ఈ తెలివి రైతుకు ఉపయోగపడుతుందా?

పడుతుంది, క్యాబేజీలో ఇప్పటికే వాడుకలో ఉంది. క్యాబేజీని నాశనం చేసే డైమండ్ బ్యాక్ మాత్ రెక్కల పురుగు, సీతాకోకచిలుక కాదు. అదీ గ్లూకోసినోలేట్ల గుర్తులనే వెతుకుతుంది. ఆవాలను క్యాబేజీకంటే ఇష్టపడుతుంది కాబట్టి ఆవాలు ఎర పంట అయ్యాయి. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన సిఫార్సు ఇది: ప్రతి 25 వరుసల క్యాబేజీకి ఆవాల జత వరుసలు వేయాలి. ఒకటి క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, ఇంకొకటి నాటిన 25 రోజులకు. రెండు విడతలు ఎందుకంటే మొదటి ఆవాలు ఎండిపోయే నాటికి రెండోవి లేతగా ఉండాలి. చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే: ఒకేసారి విత్తి వదిలేస్తే ఆవాలు ఎండగానే పురుగంతా క్యాబేజీ మీదికి దిగుతుంది. ఆవాల వరుసల మీది పిల్ల పురుగుల్ని వెంటవెంటనే మందుతో చంపడం కూడా మానకూడదు, లేకపోతే మనమే పురుగుల్ని పెంచినవాళ్లమవుతాం.

చల్లటి దేశాల్లో బార్బేరియా వల్గారిస్ అనే మొక్క ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇదే పురుగు దాని మీద గుడ్లు ఇష్టంగా పెడుతుంది, కానీ ఆకులోని సాపోనిన్లు అనే రక్షణ పదార్థాల వల్ల పిల్లలు బతకవు. మందు కొట్టే పని ఉండదు.

జనుము ఎండుకొమ్మల మీద పదుల కొద్దీ సీతాకోకచిలుకలు గుమిగూడాయి. గుడ్లు పెడుతున్నాయా?

కాదు. అవి ఎక్కువగా మగవి, ప్లెయిన్ టైగర్, బ్లూ టైగర్ జాతులు. జనుము, హీలియోట్రోపియం మొక్కల్లోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లను తొండంతో పీల్చి, ఆడవాటిని ఆకర్షించే వాసనగా మార్చుకుంటాయి. ఎండిన, గాయపడిన కొమ్మల మీదే ఎక్కువ చేరతాయి. అక్కడ గుడ్లు వెతికి లాభం లేదు. ప్లెయిన్ టైగర్ గుడ్ల కోసం జిల్లేడు లేత ఆకుల అడుగున చూడండి, తెల్లటి గుడ్లు విడివిడిగా ఉంటాయి.